తలా పిడికెడు: పోటీ సాకు ఎవరికి చెల్లుతుంది?

కూర్మన్నపాలెం కూడలిలో, స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర, 2021 ఫిబ్రవరి 12న రిలే దీక్షల శిబిరం మొదలైంది. అంతకు రెండు వారాల ముందు, జనవరి 27న, విశాఖ ఉక్కులో తన వాటాని నూటికి నూరు శాతం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. శిబిరం ఏళ్ల తరబడి నడిచింది. ఎన్నడూ కలవని యూనియన్ల జెండాలు ఒక్క పందిరి కిందికి వచ్చాయి. మేమూ చాలాసార్లు వెళ్లి కూర్చున్నాం.

ఒక సాయంత్రం ఉపన్యాసాలు అయిపోయాక, టీకొట్టు దగ్గర ఒక చిన్న తగువు మా చెవిన పడింది. ఒక కాంట్రాక్టు కూలీ, అతని మేస్త్రీ, పర్మినెంటు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఎక్కడి పని గురించో ఇక్కడ అనవసరం. గాజువాక చుట్టుపక్కల అలాంటి పనిచోట్లు బోలెడు. బ్యాంకులో పడిన జీతంలోంచి కొంత తీసి చేతికి ఇమ్మని మేస్త్రీ అడుగుతున్నాడు. కూలీ ఎందుకని నిలదీస్తున్నాడు.

"నానేటి సేసేది? టెండరు తక్కువకి ఏసినారు. పోటీ అలగుంది. నాను కాపోతే ఇంకోడొస్తాడు" అన్నాడు మేస్త్రీ.

"నిజమే, సిస్టమే అంత" అని పెద్దాయన తలూపాడు.

కూలీ టీగ్లాసు కింద పెట్టి, "ఆ పోటీ నాకూ ఉంది గదా బాబూ. మరి నానెవుడి దగ్గర కోసుకోను?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. శిబిరంలో ఆ రోజు విన్న ఉపన్యాసాలన్నీ మేము మర్చిపోయాం గానీ ఈ మాట మర్చిపోలేదు. పోటీ వ్యవస్థలో బతికేవాడు చేసే స్వార్థపు పనికి ఆ వ్యవస్థే పూచీ పడుతుందా? పడితే ఎవరికి పడుతుంది? ఎంత మేరకు పడుతుంది? ఈ ప్రశ్న దళిత ఉద్యమానికి బయటి ప్రశ్న కాదు. మన ఇళ్లల్లో, మన సంఘాల్లో, మన హాస్టలు గదుల్లో ఉన్న ప్రశ్న. అందుకే దీన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

మేము ఎవరం?

'మేము' అంటే ఎవరమో ముందు చెప్పుకోవాలి. లేకపోతే గట్టు మీద నిలబడి నీతులు చెప్పే మేధావుల వరసలో మమ్మల్నీ చేర్చేస్తారు.

విశాఖ ఉక్కు కోసం 1966లో ఆంధ్రదేశమంతా కదిలింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ చరిత్ర అందరికీ కంఠతా వచ్చు. ఫ్యాక్టరీ కింద 64 ఊళ్లు పోయాయన్నది కొందరికే గుర్తుంటుంది. ఆ ఊళ్లల్లో భూమి లేనివాళ్లు ఎందరు, వాళ్లకేం దక్కింది అన్నది అడిగేవాళ్లు ఇంకా తక్కువ. అప్పటి చట్టం 1894 నాటిది. భూమి మీద హక్కున్నవాడికి నష్టపరిహారం ఇవ్వమంది. ఆ భూమి మీద రెక్కలు ముక్కలు చేసుకున్న పాలేరుకి పని పోతే, దాన్ని నష్టంగానే లెక్కకట్టలేదు. కూలోడి బతుకు కూడా లెక్కలోకి రావాలని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది.

నిర్వాసితులకు పునరావాస కార్డులిచ్చారు. మావాళ్లు వాటిని 'ఆర్ కార్డు' అంటారు. కార్డుదారులు పదహారు వేలకు పైనే. వాళ్లలో దాదాపు సగం మందికి ఇప్పటికీ ఉద్యోగం రాలేదన్నది నిర్వాసితుల సంఘాలు నాలుగు దశాబ్దాలుగా చెబుతున్న మాట. ఇల్లు పోయినందుకు మా తాతకి ఒక కార్డు వచ్చింది. కొడుకులు ముగ్గురు. కార్డుకి ఉద్యోగం ఒకటే. పెద్దకొడుకు చదివినవాడు కాబట్టి అతనికి రాయించారు. తమ్ముళ్ల పిల్లల్ని అతనే చదివించాలన్నది ఇంట్లో ఒప్పందం. కాగితం మీద పెట్టుకోలేదు. అన్నదమ్ముల మధ్య కాగితాలేమిటని మా తాత అన్నాడట.

మా పెదనాన్న మాకు పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాడు. ఆ సంగతి దాచం. ఆ తర్వాత ఆగిపోయాడు. మా నాన్న కాంట్రాక్టు పనిలో ఉండిపోయాడు, చిన్నాన్న ఆటో నడిపాడు. పెదనాన్న పిల్లలు కార్పొరేట్ కాలేజీకి వెళ్లారు. మా నాన్న ఒకసారి అడిగితే, "పోటీ చూస్తున్నావు గదరా, లక్షలు పెడితే గాని సీటు రావటం లేదు. నా పిల్లలు వెనకబడితే ఎవుడు చూస్తాడు?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ మాటే మమ్మల్ని ఇన్నేళ్లు వేధించింది. అబద్ధం లేని మాట కూడా అన్యాయం ఎలా అవుతుంది?

మేము ఆ ఇంటి నుంచి వచ్చినవాళ్లం. మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం. పుట్టుకచేత మాలలం. ఈ చివరి సంగతి ఎందుకు చెబుతున్నామో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

సాకులో ఉన్న నిజం

ఏ వాదననైనా దాని బలహీనమైన చోట పట్టుకుని ఓడించడం తేలిక. అది విమర్శ కాదు. 'వ్యవస్థదే తప్పు, మనిషిది కాదు' అనే వాదనలో ఉన్న బలమేమిటో ముందు చూడాలి.

ఈ వాదనని మన వామపక్ష మిత్రులు మార్క్సు పేరుతో చెబుతారు. కాపిటల్ మొదటి సంపుటానికి 1867లో రాసిన ముందుమాటలో, పెట్టుబడిదారుణ్ణి ఒక ఆర్థిక సంబంధానికి ప్రతినిధిగా మాత్రమే చూస్తున్నానని, ఆ సంబంధాలకు వ్యక్తిని బాధ్యుణ్ణి చేయబోనని మార్క్సు అన్న మాట నిజమే. పెట్టుబడిదారు మంచివాడైనా చెడ్డవాడైనా పక్కవాడితో పోటీ అతని మెడలు వంచుతుంది. పని గంటలు తగ్గిస్తే సరుకు ధర పెరుగుతుంది. ధర పెరిగితే మునిగిపోతాడు.

ఈ వాదనకు రెండో బలం కూడా ఉంది. అది మనకే బాగా తెలిసినది. వ్యవస్థని వదిలేసి వ్యక్తి నీతి గురించి మాట్లాడటం పై కులాల పాత ఎత్తు. ఒక దళిత ఆఫీసరు లంచం తింటే 'వాళ్లంతే' అంటారు. ఒక అగ్రకుల ఆఫీసరు తింటే 'వ్యవస్థ కుళ్లిపోయింది' అంటారు. ఒక దళిత ఉద్యోగి కొడుకు రిజర్వేషన్‌లో సీటు తీసుకుంటే 'సాటి పేద దళితుడి నోరు కొట్టాడు' అని కన్నీళ్లు కారుస్తారు. మూడు తరాలుగా డాక్టర్లయిన ఇంట్లో నాలుగో తరం డాక్టరు, డొనేషను కట్టి, తన కులంలోని పేదవాడి నోరు కొట్టాడని ఎవరైనా రాశారా? వ్యవస్థ అనే మినహాయింపు పైవాడికి వెంటనే దొరుకుతుంది. కిందివాడికి మాత్రం నీతి పాఠం దొరుకుతుంది. అందువల్ల మన వాళ్లని ఎవరైనా స్వార్థపరులంటే మనకి వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. పైవాడు సాకు చెప్పి తప్పించుకుంటున్నాడని కోపపడే మనం, ఆ సాకునే మన కిందివాడి ముందు వాడటం లేదా?

'యజ్ఞం'లో సాకు ఎవరికి దక్కింది?

విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు రాసిన 'యజ్ఞం' కథ ఈ ప్రశ్నకి గట్టి ఉదాహరణ. తెలుగులో ఇంత చర్చ జరిగిన కథలు తక్కువ. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు మీద తగువు. అప్పిచ్చిన గోపన్న తన సొమ్ము అడుగుతాడు. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు ధర్మం ప్రకారం తీర్పు చెప్పాలనుకుంటాడు. ఊరు బాగుపడిన క్రమమంతా కథలో నడుస్తుంది. ఆ బాగులోనే అప్పల్రాముడు చితికిపోయిన క్రమమూ నడుస్తుంది. అప్పు తీరాలంటే అతని పిల్లలు పాలేరుతనానికి పోవాలి. చివరికి కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిసగా బతకకూడదని, తన చేతులతో చంపి సభ మధ్యకి తెస్తాడు.

విమర్శకులు చాలామంది ఈ కథని వ్యవస్థ మీద తీర్పుగా చదివారు. ఎవరూ దుర్మార్గులు కాకపోయినా దుర్మార్గం జరిగిపోతుందని చూపించడంలోనే కథ గొప్పతనం ఉందన్నారు. మేము కాదనం. అయితే దళితుడి చోట నిలబడి చదివితే ఇంకొకటి కనిపిస్తుంది. ఆ సభలో వ్యవస్థ అనే మినహాయింపు ఎవరెవరికి దక్కింది? గోపన్నకి దక్కింది, అప్పిచ్చినవాడు అడగడా అన్నారు. నాయుడికి దక్కింది, ఆయన ధర్మమే చెప్పాడు గదా అన్నారు. ఊరి పెద్దలందరికీ దక్కింది. మినహాయింపు లేకుండా, చేతికి నెత్తురంటి, హంతకుడిగా నిలబడ్డవాడు ఒక్కడే. వాడు సభలో అందరికంటే కిందివాడు.

వ్యవస్థ చేసే హత్యకి కూడా ఒక మనిషి చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎప్పుడూ అట్టడుగువాడిదే అవుతుంది. పైనున్న చేతులన్నీ కాగితం మీద, తీర్పు మీద, టెండరు మీద సంతకం చేసి శుభ్రంగా ఉంటాయి. టీకొట్టు దగ్గర కూలీ అడిగిన మాటకి అర్థం ఇదే. కోసుకోవడానికి కింద ఎవరూ లేనివాడు చివరికి తన ఇంట్లోనే కోసుకుంటాడు. పెళ్లాం పుస్తెలు, పిల్లల చదువు, తన ఒళ్లు.

ఒకే మాట, ఐదు మెట్లు

టెండరు దగ్గరికే వద్దాం. తక్కువకు కోట్ చేసినవాడికి పని, దాన్నే 'ఎల్-వన్' అంటారు. యాజమాన్యం అంటుంది: ప్రపంచ మార్కెట్‌లో పోటీ, ఖర్చు తగ్గించుకోవాలి. కాంట్రాక్టరు అంటాడు: నేను తక్కువకు వేయకపోతే ఇంకొకడు వేస్తాడు. సబ్ కాంట్రాక్టరు అంటాడు: నాకిచ్చిందే ఇంత. మేస్త్రీ అంటాడు: నాను కాపోతే ఇంకోడు. కూలీ కూడా ఒక్కోసారి అంటాడు: నేను రాకపోతే ఒరిస్సా నుంచి ఇంకొకడు తక్కువకి వస్తాడు, అందుకే ఒప్పుకున్నాను.

ఐదు నోళ్లలోనూ మాట ఒకటే. ఐదుగురిదీ ఒకటే తప్పా? 'తిలా పాపం తలా పిడికెడు' అని సామెత. వినడానికి సమానంగా పంచినట్టు ఉంటుంది. కానీ అందరి పిడికిలీ ఒక కొలత కాదు. మాట వినకపోతే ఏం పోగొట్టుకుంటాడన్నదే కొలత. యాజమాన్యం మాట వినకపోతే ఆ ఏడు లాభం తగ్గుతుంది. కాంట్రాక్టరు వినకపోతే ఒక పని పోతుంది, ఇంకొకటి వెతుక్కుంటాడు. మేస్త్రీ వినకపోతే మేస్త్రీతనం పోయి మళ్లీ కూలీ అవుతాడు. కూలీ వినకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. కాబట్టి కూలీ సాకు దాదాపు పూర్తిగా చెల్లుతుంది. మేస్త్రీది కొంత చెల్లుతుంది. పైకెళ్లేకొద్దీ చెల్లుబాటు తగ్గిపోతుంది.

అంబేద్కర్ కులాన్ని మెట్ల అసమానత అన్నాడు. పై మెట్టుకి మొక్కడం, కింది మెట్టుని తొక్కడం అందులో ఒకేసారి జరుగుతాయి. అందువల్లే మెట్ల మీదున్నవాళ్లు కలిసి తిరగబడలేరు. ప్రతివాడికీ కింద ఒకడు ఉంటాడు, వాణ్ణి చూసి ఊరట పొందుతాడు. మేము దానికి ఒక్క మాట కలుపుతున్నాం: అసమానత మెట్లుమెట్లుగా ఉన్నప్పుడు బాధ్యత కూడా మెట్లుమెట్లుగానే ఉండాలి. అందరికీ ఒకే శిక్ష వేసే నీతి అన్యాయం. అందరినీ ఒకే క్షమాపణతో వదిలేసే సిద్ధాంతం కూడా అంతే అన్యాయం.

చేతులు కట్టేశారన్నవాడు కట్లు విప్పమన్నాడా?

పోగొట్టుకునేది ఎంత అన్న కొలత ఒక్కటే చాలదు. మనిషి తనకి పోయేదాన్ని ఎప్పుడూ పెంచే చెబుతాడు. మా పెదనాన్నా అలాగే చెప్పాడు. కాబట్టి రెండో పరీక్ష కావాలి. అది కూడా మార్క్సు పుస్తకంలోనే దొరుకుతుంది. మన మిత్రులు ముందుమాట దగ్గర ఆగిపోకుండా పని దినం మీద రాసిన అధ్యాయం దాకా వెళ్లాలి.

1863లో ఇంగ్లండులో, స్టాఫర్డ్‌షైర్ పింగాణీ కార్ఖానాల యజమానులు, మొత్తం 26 సంస్థలు, ప్రభుత్వానికి ఒక విజ్ఞప్తి పెట్టుకున్నారు. పిల్లల చేత గంటల తరబడి పని చేయించడం తమకీ ఇష్టం లేదు గానీ, పోటీ వల్ల ఏ ఒక్కడూ తనంతట తాను తగ్గించలేడని, అందుకని చట్టం తెచ్చి అందరికీ ఒకేసారి తగ్గించమని అడిగారు. 1864లో ఫ్యాక్టరీ చట్టం ఆ కార్ఖానాలకి వర్తించింది. వాళ్లు పుణ్యాత్ములని మేము అనడం లేదు. పిల్లల చెమట మీద బాగుపడ్డవాళ్లే. అయినా వాళ్ల సాకుకి ఒక నిజాయితీ ఉంది. 'పోటీ మా చేతులు కట్టేసింది' అన్నారు, 'కట్లు విప్పండి' అని కూడా అడిగారు.

పరీక్ష ఇదే. పోటీ వల్ల తప్పడం లేదన్నవాడు, ఆ పోటీ నియమాన్ని మార్చమని ఎప్పుడైనా అడిగాడా? ఇంకొకరు అడిగినప్పుడు ఎవరి పక్కన నిలబడ్డాడు? నియమం మారబోతుంటే అడ్డుపడ్డవాడికి అది సాకు కాదు. వాడి ఆస్తి.

ఈ పరీక్ష విశాఖ ఉక్కుకి పెట్టి చూడండి. పోటీలో నిలబడలేదు కాబట్టి అమ్మేస్తామన్నారు. ప్రైవేటు ఉక్కు కంపెనీలు కొన్నింటికి సొంత ఇనుప గనులున్నాయి. విశాఖకి సొంత గని లేదు. ఖనిజం బజారు ధరకి కొనాలి. ఒకడి కాళ్లు కట్టి పరుగు పందెంలో నిలబెట్టి, ఓడిపోయావు కాబట్టి పొమ్మనడం పోటీ కాదు. గని ఇవ్వమని కార్మికులు దశాబ్దాలుగా అడిగారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. గని మాత్రం అందులో రాలేదు. ప్రభుత్వరంగం పోతే దళితుడికి పోయేది జీతం ఒక్కటే కాదు. రాజ్యాంగం 16(4) అధికరణ కింద వచ్చే రిజర్వేషను ప్రైవేటు గేటు దాటి లోపలికి రాదు. అందుకే ఆ శిబిరం మన శిబిరం.

అయితే ఆ పందిరి కింద కూర్చున్న పర్మినెంటు ఉద్యోగులకీ ఈ పరీక్ష వర్తిస్తుంది. 2024 సెప్టెంబరు చివర్లో వేలాది కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు ఆపేశారు. కార్మికులు రోడ్డెక్కాక వెనక్కి తగ్గారు. 2025లో మళ్లీ తొలగింపులు, మే నెలలో కాంట్రాక్టు కార్మికుల సమ్మె. అలాంటప్పుడు కాంట్రాక్టు కార్మికుడి డిమాండు మన పట్టికలో మొదటి వరసలో ఉందా, చివరి వరసలో ఉందా? తక్కువ జీతానికి పక్కన నిలబడి అదే పని చేసేవాడు ఉన్నంతకాలం తన ఉద్యోగానికి ఢోకా లేదని లోలోపల ఎవరూ అనుకోలేదా? ఈ ప్రశ్న ఫలానా యూనియన్ని ఉద్దేశించి అడగడం లేదు. పర్మినెంటు అనే మెట్టుని ఉద్దేశించి అడుగుతున్నాం.

మన ఇంటి తగువు

ఇక అసలు చోటికి రావాలి. మేము మాలలమని ముందే ఎందుకు చెప్పామో ఇక్కడ తెలుస్తుంది.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మోగింది. ఎస్సీలకిచ్చిన 15 శాతాన్ని జనాభా ప్రకారం పంచమన్నారు. 2000లో చట్టం వచ్చింది. రెల్లి, వాటి ఉపకులాలకి 1 శాతం, మాదిగలకి 7, మాలలకి 6, ఆది ఆంధ్రులకి 1. 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి తదితర కులాలకి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. మొదటి దండోరా నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్లు దాటిపోయాయి.

ఈ ముప్పై ఏళ్లలో మా మాలపేటల్లో, మా ఉద్యోగ సంఘాల్లో మేము విన్న మాట ఏమిటి? "మేము కష్టపడి చదువుకున్నాం. పోటీలో గెలుచుకున్నాం. వాళ్లని చదవొద్దని ఎవరన్నారు?" ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదా? 1990లో మండల్ కమిషన్ సిఫారసుల మీద అగ్రకుల విద్యార్థులు రోడ్డెక్కి అన్నది ఇదే గదా. మెరిట్ అన్నారు. మనం నవ్వాం. ఆ మెరిట్ వెనక ఎన్ని తరాల పలకలున్నాయో, ఎన్ని తరాల నెయ్యి ఉందో లెక్కలు తీశాం. తీరా మాదిగ, రెల్లి మన గుమ్మం ముందు నిలబడి అడిగితే, ఆ లెక్కల పుస్తకం అటక మీద పెట్టి, మెరిట్ పుస్తకం కిందికి దించాం.

మాల మహానాడు వాదనలో పస లేదని మేము అనం. వర్గీకరణ దళితుల ఐక్యతని చీలుస్తుందన్నారు. ఉద్యోగాలే కరిగిపోతుంటే ఉన్న ముక్కని చీల్చుకోవడం దేనికన్నారు. జనాభా లెక్కలు సరిగా లేవన్నారు. ఇవన్నీ చర్చించాల్సిన విషయాలే. కానీ పై పరీక్ష పెట్టి చూస్తే ఏం తేలుతుంది? ముందు అందుకున్నందుకు మాలలది తప్పు కాదు. మిషనరీ బడి ఒక పేటకి ముందొచ్చింది, ఇంకొక పేటకి రాలేదు. కోస్తాలో కాలవలు పారిన చోట కూలి నాలుగు రోజులు ఎక్కువ దొరికింది. ఇవి మనం చేసినవి కావు. అందిన సీటు తీసుకోవడం దొంగతనం కాదు. కానీ నియమం మార్చి అందరినీ రేవు దాటించండని అడిగినప్పుడు అడ్డంగా నిలబడటం మాత్రం మనం చేసిన పనే. దానికి పోటీ పూచీ పడదు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే అదే.

ఇంకొక సంగతి మర్చిపోతున్నాం. మనం దాటిన తెప్పని పోటీ కట్టలేదు. బహిరంగ పోటీలో మనం గెలుస్తామని ఎవరూ తలుపు తీయలేదు. చెరువు నీళ్ల కోసం దెబ్బలు తిన్నవాళ్లు, కారంచేడు, చుండూరు తర్వాత రోడ్ల మీద కూర్చున్నవాళ్లు, పేరు కూడా రాయడం రానివాళ్లు కట్టారు. పోరాటం వల్ల వచ్చినదాన్ని పోటీలో గెలిచానని చెప్పుకోవడమే మొదటి అబద్ధం. ఆ అబద్ధం ఒప్పుకున్నాక మిగతా స్వార్థమంతా న్యాయంగానే కనిపిస్తుంది. 1956లో ఆగ్రాలో అంబేద్కర్ చదువుకున్న దళితులు తనని మోసం చేశారని బాధపడ్డాడంటే కారణం ఇదే. వాళ్లు ఉద్యోగాలు తీసుకున్నందుకు కాదు, తీసుకుని తమ పొట్ట దగ్గర ఆగిపోయినందుకు.

మడిచిన కాగితం

ఇంత రాసి మా సంగతి దాస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. పరిశోధనలో చేరిన రెండో ఏడు, డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద ఒక ఫెలోషిప్ ప్రకటన చూశాం. ఎస్సీ విద్యార్థులకే. ఇచ్చేది కొందరికే. గడువు పది రోజులు. మా హాస్టల్లో ఒక రెల్లి తమ్ముడు ఉండేవాడు. వాళ్లమ్మ విశాఖ వీధులు ఊడ్చి అతన్ని పీజీ దాకా తెచ్చింది. మేము ఆ కాగితాన్ని బోర్డు మీంచి పీకి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాం. మూడు రోజుల తర్వాత అతను అడిగాడు, "అన్నా, ఏమైనా పడిందా?" అని. "ఇంకా లేదు తమ్ముడూ" అన్నాం.

ఫెలోషిప్ మాకొచ్చింది. అతను చదువు మధ్యలో మానేసి పనిలో చేరాడు. ఆ ఒక్క కాగితం వల్లే మానేశాడని చెప్పలేం. ఇంట్లో అప్పులున్నాయి, గైడు సరిగా చూడలేదు, ఇంకా చాలా ఉన్నాయి. ఆ 'ఇంకా చాలా' వెనక దాక్కోవడం మాకు కొన్నేళ్లు సుఖంగానే ఉంది. ఫెలోషిప్‌లు నలుగురికి బదులు అందరికీ ఇస్తే మేమెందుకు దాస్తాం అనుకున్నాం. నిజమే. కానీ అందరికీ ఇమ్మని మేము ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. మేము రాసిన పరీక్షలో మేమే తప్పాం.

తర్వాత అతన్ని కలిసి చెప్పాం. కాసేపు ఊరుకుని, "అప్పుడు మీకూ అవసరమే గదన్నా" అన్నాడు. ఆ మాట అతను ఇవ్వవచ్చు. మేము అడిగి తీసుకోకూడదు. అన్యాయం పడినవాడు ఇస్తే అది క్షమ. చేసినవాడు తనకి తనే ఇచ్చుకుంటే సాకు. మా పెదనాన్న విషయంలో మా నాన్న కూడా ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ మౌనాన్ని పెదనాన్న తన రసీదుగా చూపించుకోవడం మేము ఒప్పుకోం.

అందరూ బొజ్జా తారకం కాలేరు. కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చిన మనిషి ఆయన. ఆ కొలతతో కొలిస్తే మనలో నిలబడేవాళ్లు తక్కువ. మేము అడుగుతున్నది ఉద్యోగాలు వదిలేయమని కాదు. వదిలేస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలుసు. అడుగుతున్నది చిన్న పనులు. నోటీసు వచ్చిన రోజే హాస్టలు గోడకి అంటించాలి. ఎస్సీ ఉద్యోగ సంఘాల కమిటీల్లో మాదిగ, రెల్లి సభ్యులు లేకుండా ఎన్నిక జరపకూడదు. గేటు బయట పడేసిన కాంట్రాక్టు కార్మికుడి పేరు పర్మినెంటు కార్మికుడి డిమాండు పత్రంలో మొదట రావాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషను అడిగేటప్పుడు, అందులో ఆఖరివాడి వాటా ఎంతో మొదటి రోజే రాసుకోవాలి. ముప్పై ఏళ్లు వాయిదా వేసి కోర్టు చేత చెప్పించుకోకూడదు.

వీటిలో ఏ ఒక్కటి చేయడానికీ పోటీ మన చేతులు కట్టేయలేదు. కట్టేసిందని ఎవరైనా అంటే, కూర్మన్నపాలెం టీకొట్టు దగ్గరికి వెళ్లి ఆ మాట ఆ కూలీ ముఖం చూసి చెప్పమనండి.